తిరగనిది

పత్తికొండలో గుత్తి రోడ్డు మీద నా షాపు.
కాలిన మోటార్లు విప్పి, పాత రాగి పెరికి,
కొత్త తీగ చుట్టి తిరిగేటట్లు చేస్తా.
ముప్పై ఏండ్లుగా
తిరిగేదే నాకు కూడు.

మౌలాలి ఉస్తాద్ పోతా పోతా
నా చేతిలో పెట్టింది ఒక నోటుబుక్కు.
స్లాటుకు ఎన్ని చుట్లు, ఏ గేజి తీగ,
ఏ ఊరి బోరులో ఏ కంపెనీ మోటారు,
అన్నీ దాంట్లో ఉండాయి.
వార్నిష్ మరకల కింద కొన్ని లేవు.

ఆ లెక్కలు ఎక్కించనీకి
సుంకులు ఒక బోర్డు తెచ్చింది.
ఆదోని పాలిటెక్నిక్‌లో చదువు,
సెలవుల్లో నా దగ్గర కాయిళ్లు చుడతాది.
రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెట్టినంత బోర్డు.
"ఇదే కంప్యూటర్ మామా" అంటే
"మిగతాది యాడుంది?" అన్నా.

దాని పానమంతా గోరంత కార్డులో.
ఉల్లి మడికి నీళ్లు కట్టే కాలంలో
మా ఫీడరు కండ్లార్పినట్లు ఆరిపోతాది.
కార్డు ఏదో రాసుకుంటా ఉంటాది,
మాట నడిమధ్య ఎవరో గొంతు పట్టుకుంటారు.
మొదటిది ఉగాది దినమే పోయింది.
రెండోది పోయింది ఎప్పుడో కూడా తెలీదు.
మూడోదాంతో
దేవనకొండ నుంచి హోసూరు దాకా ఊర్లే పోయినాయి.
ఎర్ర దీపం ఒకటే వెలుగుతాంది,
పచ్చది మిణకలేదు.
సుంకులు ప్యాంటుకు చేతులు తుడుచుకుని
"రాసి రాసి అరిగిపోయినాది మామా" అనింది.

కర్నూలు పోయినాం.
అద్దాల బల్ల మీద షాపాయన రెండు పెట్టినాడు.
ఒకటి హార్డ్ డిస్కు. వాడిందే. వెయ్యి జీబీ, ఎనిమిది నూర్లు.
కరెంటిచ్చి చెవి దగ్గర పెట్టుకున్నా.
లోపల తిరుగుతాంది,
సన్నగా, సమంగా.
బేరింగ్‌లో ఇసకంత పొల్లు లేదు.
ఒళ్లు జలదరించింది నాకు.

రెండోది నల్ల రేకు డబ్బీ.
నూట ఇరవై జీబీ, పన్నెండు నూర్లు.
చెవి పెట్టినా. ఊపి చూసినా.
చచ్చిన తేలుకున్నంత చప్పుడు లేదు.
"దీంట్లో తిరిగేదేమీ లేదా?"
"లేదన్నా. అందుకే చెడిపోదు,"
ఒక గుటక మింగి, "తొందరగా" అన్నాడు.
దీని రాతలకూ ఒక లెక్కుందంట.
అబద్ధం ఆడలేదని ఆయన మీద గురి కుదిరింది.

తిరిగేది ఏదైనా
ఒక దినం నా బల్ల మీదికి రావాల్సిందే.
కాలిన వాసనతో, సంచిలో, మోపెడ్ వెనక.
"తిరగనిదే ఇయ్యి" అన్నా.
ఆ మాట అంటాంటే ఎందుకో
చేతివేళ్లు జేబులో పెట్టుకున్నా.

నీలం సందులో తీగ దూర్చి
"ఇంక కార్డు వైపు చూడొద్దు, దీంట్లోంచే లెయ్యి" అని
సుంకులు బోర్డుకు బుద్ధి చెప్పింది.
లేవలేదు.
తెర మూలన పసుప్పచ్చ మెరుపు గుర్తు
వస్తాంది, పోతాంది.
అరగంట సేపు పిల్ల అక్షరాలతో కొట్లాడింది.
నేను తీగ చూసినా.
పాత ఫోను ఛార్జరు, దారప్పోగంత వైరు.

లో వోల్టేజీలో మోటారు ఇంతే కదా.
లేవాలని ఊఁ అంటాది,
లేవలేక ఊఁ అంటాది,
అట్లే ఊఁ అనుకుంటా కాలిపోతాది.
మూడు ఆంపియర్లది, పొట్టిది, మందం తీగది పెట్టినా.
లేచింది.

"ముందే చెప్పొచ్చు కదా మామా!"
"మోటారు కాదంటివి, నేనెందుకు నోరు తెరుస్తా?"

ఇప్పుడది మీటరు పక్క గూట్లో ఉంది.
నిన్న ఏడు మార్లు కరెంటు పోయింది,
ఏడు మార్లూ లేచింది.
షట్టరు దించేముందు చెయ్యి పెట్టి చూస్తా,
చప్పుడు లేనిదాన్ని నమ్మే అలవాటు లేక.
అప్పుడే పెట్టిన గుడ్డు మాదిరి వెచ్చగా ఉంటాది.

పోయిన ఊర్లను సుంకులు మళ్లీ ఎక్కిస్తాంది.
మరక దగ్గర ఆగి అడుగుతాది:
"చందోలి, ఐదు హెచ్‌పీ. ఎన్ని చుట్లు మామా?"
నోటుబుక్కులో లేదు, యాడా లేదు.
కండ్లు మూసుకుని
గాలిలో వేలితో చుడతా పోతా,
వేలు ఆగిన కాడ ఆగి
"యాభై రెండు" అంటా.
"రాయి."